వైసుకి అవతలి పీట

ఫిబ్రవరి 3

వదినకి,

అక్కడ అందరూ బాగున్నారా అని అడగను. ఎంత బాగున్నారో మొన్న మీ వీధి చివర పాత సామాన్ల కొట్లో కళ్ళారా చూశాను. ఫోన్ చేసి మాట్లాడొచ్చుగా అంటావు. ఫోన్‌లో నీకు గిట్టని మాట రాగానే "పొయ్యి మీద ఏదో మాడుతోంది" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

నా కుట్టు కత్తెర మర ఊడిపోయింది. అలాంటిది దొరుకుతుందేమోనని ఆ కొట్టుకి వెళ్ళాను. విరిగిన ఫ్యాన్ల కింద, సైకిల్ చక్రాల కింద మా నాన్న రంపం వైసు కనిపించింది. ముందు పోల్చుకోలేదు. మీట మీద నాన్న బొటనవేలు ఆన్చి ఆన్చి పడిన గుంట చూసి గుర్తుపట్టాను. రంపం రేకుని పళ్ళు పైకి వచ్చేలా ఆ రెండు ఇనప దవడల మధ్య బిగించి, ఒక్కో పన్నుకీ పదును పెట్టి నాన్న మమ్మల్ని పెంచాడు. ఆయన తర్వాత అన్నయ్య అదే వైసు మీద నీకు అన్నం పెట్టాడు. అన్నయ్యకి చూపు పోయి ఏడాది తిరగలేదు, దాన్ని తుక్కులో కలిపేశావు. నీకు మనసెలా ఒప్పింది వదినా?

కొట్టతనితో దెబ్బలాడి ఇంటికి తెచ్చుకున్నాను. కిరసనాయిల్లో ముంచి ఉంచాను. వైరు బ్రష్‌తో తుప్పు గీకాను, గోళ్ళలో ఎరుపు ఇంకా పోలేదు. మీట కీలు బిగుసుకుపోతే వేడి చేసి, నూనె చుక్కలు వేసి, ఊపి ఊపి వదులు చేశాను. "కుట్టుమిషన్ పక్కన ఈ ఇనప పొడి ఏమిటి" అని మా ఆయన సణిగారు. నేను వినలేదు. దవడలు చూశాక మాత్రం కడుపు మండిపోయింది. దగ్గరికి తెస్తే రెండు చివర్లూ తగులుతున్నాయి, నడుమ గోరు దూరేంత సందు. అవతలి వెలుతురు కనిపిస్తోంది. నాన్న రోజుల్లో ఆ దవడలు గీత గీసినట్టు ఉండేవి. నువ్వో, ఆ కొట్టతనో ఎత్తి కింద పడేసి ఉంటారు, అందుకే వంగిపోయాయి. లేత్ షాపుకి మోసుకెళ్ళి లోపలి మొహాలు రెండూ చదునుగా తీయించాను. ఇప్పుడు వాటి మధ్య దారం కూడా దూరదు.

పార్సెల్‌లో పంపుతున్నాను. బల్లకి బిగించి అన్నయ్యని దాని ముందు కూర్చోబెట్టు. కళ్ళు లేకపోతే చేతులు కూడా లేవా? వేళకి అన్నం పెట్టి, నీళ్ళు పెట్టి, కుర్చీలోంచి కదలనివ్వకుండా మనిషిని బొమ్మని చేస్తున్నావు. నీ వల్ల కాకపోతే చెప్పు, నేనే వచ్చి అన్నయ్యని మా ఇంటికి తీసుకుపోతాను.

మీ గుమ్మం దాకా వచ్చి, నీ మొహం చూడలేక తిరిగి వెళ్ళిన
నీ ఆడపడుచు


ఫిబ్రవరి 12

ఆడపడుచుగారికి,

తమరి ఉత్తరం అందింది. పార్సెల్ కూడా అందింది. ఉత్తరం విప్పాను, పార్సెల్ విప్పలేదు. అది షాపులో తలుపు వెనక ఉంది. వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకి తగులుతోంది. ఇప్పటికే ఇద్దరు తిట్టారు, ఆ తిట్లు నీ ఖాతాలో వేశాను.

వీధి చివరిదాకా వచ్చి గడప తొక్కకుండా వెళ్ళావు చూడు, అది మాత్రం మర్చిపోను. మీ అన్నయ్యకి నీ అడుగుల చప్పుడు తెలుసు. లోపలికి వచ్చి ఒక్క నిమిషం నిలబడి ఉంటే ఆయన మొహం ఎలా మారేదో చూసేదానివి. తుక్కు కొట్టుకి ఉన్న తీరిక సొంత అన్న ఇంటికి లేకపోయింది.

నేను దాన్ని అమ్మలేదు. నీటికాసుల వల్ల పోయిన చూపు ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పిన రోజు, ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వైసు దగ్గరికి వెళ్ళారు. పై నుంచి కింది దాకా తడిమారు. "దీన్ని తీసేయ్. చేతికి తగిలినప్పుడల్లా ప్రాణం పోతోంది" అన్నారు. తీసేశాను. పారేయడానికి నాకు చేతులు రాలేదు. వీధి చివర బక్కాయన కొట్లో ఓ మూల ఉంచమన్నాను, ఆయన అడిగిన రోజు తెచ్చుకుంటానన్నాను. నువ్వెళ్ళి "మా నాన్నది" అని దబాయించేసరికి ఆ బక్కాయన బెదిరి ఇచ్చేశాడు. నాకు వచ్చి చెప్పుకుని ఏడ్చినంత పని చేశాడు.

ఇక్కడ షాపు నడిచేది ఇప్పుడు నా మీదే. పళ్ళు అరిగితే పారేసే ప్లాస్టిక్ పిడి రంపాలు తెచ్చి గోడకి వేలాడదీశాను. వాటి పళ్ళ మీద పదును పెట్టే ఆకురాయి పెడితే జారిపోతుంది. అవి కొనుక్కెళ్ళేవాళ్ళకి పదును గోల లేదు, నాకు వాళ్ళతో మాటా లేదు. నాకూ నచ్చవు. కానీ పొయ్యి వెలిగేది వాటితోనే. ఆయన షాపుకీ వంటగదికీ మధ్య గదిలో కూర్చుంటారు. రేడియో పెడితే కట్టేయమంటారు, కట్టేస్తే ఏమీ అనరు. రోజంతా కలిపి ఆయన నోట్లోంచి వచ్చే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

బొమ్మని చేశానన్నావు. నువ్వొచ్చి ఒక వారం అన్నం కలిపి పెట్టి చూడు. ఆయన్ని తీసుకుపోవడానికి ఆయనేం నువ్వు కుట్టిన జాకెట్టు కాదు.

నీ వదిన


ఫిబ్రవరి 21

వదినకి,

దాచిపెట్టమని ఇచ్చావా? దాచుకునే వస్తువుని గుడ్డ చుట్టి ఇస్తారు వదినా. పైన ఫ్యాన్లు పడేయనివ్వరు. నేను నమ్మను.

నీకు ఆ పనంటే మొదటి నుంచీ పడదు. పెళ్ళయిన కొత్తలో "పక్కబట్టల్లోకి కూడా ఇనప పొడి వస్తోంది అత్తయ్యా" అని మా అమ్మతో అన్నావు. అమ్మ నవ్వేసింది. నేను మర్చిపోలేదు.

ఆ వైసు ఏమిటో నీకు తెలీదు కాబట్టి చెబుతున్నాను. దానికి ఇవతల నాన్న కూర్చునేవాడు, అవతల పొట్టి పీట మీద నేను. ముందు రంపం పళ్ళన్నిటి తలలూ ఒకే ఎత్తుకి రావాలని పై నుంచి ఆకురాయి ఒకసారి లాగేవాడు. అప్పుడు ప్రతి పన్ను కొసనా చిన్న మెరుపు చుక్క పడుతుంది. తర్వాత మూడంచుల ఆకురాయితో పన్నూ పన్నుకీ మధ్య తోస్తూ పోవాలి. ఆ మెరుపు పోయిందంటే పన్ను వాడి తేలినట్టు. ఒక్క తోపు ఎక్కువైతే పన్ను పొట్టిదైపోతుంది, రంపం కోతలో పక్కకి లాగుతుంది. నాన్నకి చత్వారం. అద్దాలు పెట్టుకోవడం నామోషీ. అందుకని మెరుపు చూడటం నా వంతు. "ఉంది, ఉంది, పోయింది" అని చెబుతూ ఉండేదాన్ని. పోయింది అనగానే పక్క పన్నుకి వెళ్ళేవాడు. అన్నయ్య పని నేర్చాక అతనికీ నేనే చెప్పాను. మా ముగ్గురి మధ్యా ఆ మూడు మాటలు తప్ప పొద్దస్తమానం ఇంకో మాట ఉండేది కాదు. అంత సుఖంగా నేను మళ్ళీ ఎక్కడా కూర్చోలేదు.

అందుకే చెబుతున్నాను, అన్నయ్యకి ఆ వైసే ప్రాణం. అది ముందుంటే మనిషి లేస్తాడు. మొన్న ఫోన్‌లో అడిగాను, "మా ఇంటికి వచ్చేస్తావా" అని. "నీ ఇష్టం" అన్నాడు. ఇష్టం లేనివాడు అలా అనడు కదా. ముందు గది ఖాళీ చేశాం. మా ఆయన మంచం కూడా బిగించారు, నట్లు రెండు మిగిలిపోయాయి, ఎక్కడివో ఆయనకే తెలీదు. మార్చి ఆఖరు దాకా చూస్తాను. అప్పటికీ అన్నయ్య ఆ కుర్చీలోనే ఉంటే వచ్చి తీసుకుపోతాను. నువ్వు అడ్డం పడినా ఆగను.

నీ ఆడపడుచు


మార్చి 2

ఆడపడుచుకి,

"నీ ఇష్టం" అన్నారని తెగ మురిసిపోకు. ఇంకో ముద్ద పెట్టనా అంటే "నీ ఇష్టం". కిటికీ వేయనా అంటే "నీ ఇష్టం". పక్కింటావిడ వాళ్ళ పిల్లి పేరు ఏం పెట్టమంటారని అడిగితే దానికీ అదే జవాబు. ఆ మాట పట్టుకుని నువ్వు మంచాలు బిగించుకుంటున్నావు.

నీ నోరు మూయించడానికే పార్సెల్ విప్పాను. మెరుగు పెట్టి పంపావు, కాదనను. బల్ల మీద పాత బెజ్జాల్లోనే మరలు వేసి బిగించాను. ఇంట్లో మిగిలిన పాత రంపం ఒకటి దింపి, దవడల మధ్య పెట్టి, మీట నొక్కి, ఆకురాయితో ఒక్క తోపు తోశాను. కీచుమని వీధి కుక్కలు లేచాయి. ఇంకో చోట తోశాను, ఇంకా గట్టిగా అరిచింది.

లోపలి గదిలోంచి ఆయన గొంతు వినబడింది. "చివర్లు వదులుగా ఉన్నాయి. దాని దవడలు ఎవరు చెక్కారు?" అన్నారు.

ఆయన తనంతట తాను లేచి గోడ పట్టుకుని వచ్చారు. రంపం తీసేసి, దవడల మధ్య వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి నడిపారు. మొహం ఎర్రబడింది. "ఏ వెధవ చేశాడు ఈ పని" అన్నారు. ఆయనకి కోపం రావడం చూసి ఎన్నాళ్ళయిందో. నాకు సంతోషమేసింది. ఆ వెధవ ఎవరో చెప్పాను.

ఇప్పుడు నీకు చెబుతున్నాను, కుదురుగా కూర్చుని చదువు. దవడల నడుమ నువ్వు చూసిన సందు, వైసు కింద పడితే వచ్చింది కాదు. ఆయన కావాలని వంచుకున్నది. మీట నడుమ ఉంది కాబట్టి దవడలు చదునుగా ఉంటే నడుమ బిగుస్తుంది, చివర్లు వదులవుతాయి, రేకు ఊగి అరుస్తుంది. మీ నాన్న రోజుల్లో ఎందుకు అరవలేదు? అవతల పీట మీద కూర్చుని నువ్వు రెండు చేతులతో రెండు చివర్లూ పట్టుకునేదానివట. నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయావు. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆయన ఆ దవడలు కాల్చి, సుత్తితో కొద్దికొద్దిగా కొట్టి, చివర్లు ముందు తగిలేలా వంచారు. అప్పుడు మీట నొక్కితే చివర్లూ నడుమా ఒకేసారి బిగుస్తాయి. "ఇక మనిషి అక్కర్లేదు. చెల్లి లేదుగా" అన్నారు. నువ్వు లేని చోటు అది. దాన్ని నువ్వే మోసుకెళ్ళి చెక్కించి వచ్చావు.

ఆయన ఆ దవడలు వంచుకున్నప్పుడు నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. కొత్త పెళ్ళికూతుర్ని, చేతిలో పనేమీ లేదు. వచ్చి పట్టుకో అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. ఇనప పొడి గురించి మీ అమ్మతో అన్నది ఆ తర్వాతే. నువ్వు అది కూడా గుర్తు పెట్టుకో.

నీ వదిన


మార్చి 9

వదినకి,

ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు? పండక్కో పబ్బానికో వచ్చి ఆ బల్ల పక్కనే కూర్చుని వెళ్ళేదాన్ని. అన్నయ్య చెప్పలేదు సరే, అతనికి నోట్లో నాలుక లేదు. నీకుంది కదా. దాచి దాచి, నేను తప్పు చేసిన రోజు చూసి మొహాన కొట్టావు. నీ ఉత్తరం చదివాక మిషన్ ముందు కూర్చుంటే సూదిలోకి దారం ఎక్కలేదు. ఒకావిడ జాకెట్టు చేతులు తిరగేసి కుట్టేశాను. అది విప్పుతూ నిన్ను తిట్టుకున్నాను.

అయినా ఒక సంగతి ఒప్పుకో. అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. లేపింది నువ్వు కాదు, నేను చెడగొట్టిన వైసు. నువ్వు పద్ధతిగా చూసుకుంటే లేవలేదు, నేను పాడు చేస్తే లేచాడు.

ఇప్పుడు మళ్ళీ వంచుకుంటానంటాడు, నాకు తెలుసు. చూపు లేని మనిషిని కాల్చిన ఇనుము దగ్గరికి పోనిచ్చావో, నేను ఊరుకోను. దానికంటే సుఖమైన దారి ఉంది. ఆ పొట్టి పీట ఉందా, పొయ్యిలో పెట్టేశావా? ఉంటే దాని మీద నువ్వు కూర్చో. రెండు చివర్లూ పట్టుకో. మెరుపు ఉంటే ఉందను, పోతే పోయిందను. అంతకంటే ఏమీ లేదు. మిగిలింది అతని చేతికి తెలుసు.

నీ వల్ల అవుతుందని మాత్రం నాకు నమ్మకం లేదు. పది పళ్ళు చూసేసరికి నడుం పట్టేసిందని లేచిపోతావు. మార్చి ఆఖరు అన్న మాట మార్చుకోలేదు.

నీ ఆడపడుచు


మార్చి 20

ఆడపడుచుకి,

పీట పొయ్యిలో పెట్టలేదు. దాని మీద ఇన్నాళ్ళూ మిక్సీ పెట్టుకున్నాను. దింపి, కడిగి, నువ్వు రాసినట్టే కూర్చున్నాను. నడుం పట్టేసింది. లేవలేదు. అది నీ మీద పంతం కొద్దీ.

మొదటి రోజు ఆయన కూర్చోనన్నారు. "నీకెందుకు ఈ పని" అన్నారు. చేతులు పట్టుకుని తీసుకొచ్చాను. ఆకురాయి చేతికి ఇవ్వగానే ఆ వేళ్ళు వాటంతట అవే సర్దుకున్నాయి. నేను చివర్లు పట్టుకున్నాను. రేకు అరవలేదు. ఆయన తోస్తుంటే ఆ అదురు నా మోచేతుల దాకా వచ్చింది. ఇన్నేళ్ళు పక్క గదిలో ఉండి ఆ చప్పుడు వినడమే కానీ, అది చేతికి ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఈ మాట నీకెందుకు రాస్తున్నానో కూడా తెలీదు, వదిలేయ్.

ఉంది, ఉంది, పోయింది అని చెబుతూ పోయాను. రోజూ కూర్చున్నాం. వడ్రంగం చేసే పొడుగు మేస్త్రికి ఆయనంటే గౌరవం. తన మంచి రంపం తెచ్చిచ్చాడు. దాన్ని పూర్తి చేసి పంపించాం. ఆ రోజు ఆయన తనంతట తాను రేడియో పెట్టమన్నారు.

మూడో రోజు మేస్త్రి రంపం తిప్పి తెచ్చాడు. పాపం, ఎలా చెప్పాలో తెలీక గుమ్మంలో నిలబడి వాతావరణం గురించి మాట్లాడాడు. చివరికి "కోత పక్కకి లాగుతోందండీ" అన్నాడు. ఆయన రంపం తీసుకుని పళ్ళ మీద బొటనవేలు నడిపారు. "ఇది పొట్టి. ఇదీ పొట్టి. ఇవన్నీ ఎక్కువ తోశాను" అన్నారు. రంపం బల్ల మీద పెట్టేశారు. "కళ్ళు పోయాయనుకున్నాను. చేయి కూడా పోయింది" అని వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

నేను ఒక్క పన్ను దగ్గర కూడా తప్పు చెప్పలేదు. రెప్ప వేయకుండా చూశాను. మెరుపు పూర్తిగా పోయాకే పోయిందన్నాను, అంతకు ముందు ఒక్కసారి కూడా అనలేదు. ఒట్టు.

నిన్న అన్నం తింటూ ఆయనే అన్నారు. "చెల్లెలి దగ్గరికి పోతాను. అక్కడైతే ఇనప వాసన ఉండదు. నువ్వూ ఊపిరి పీల్చుకోవచ్చు" అని. ఈసారి "నీ ఇష్టం" అనలేదు. కాబట్టి నువ్వే గెలిచావు. ఆయన చొక్కాలు ఉతికి మడతపెట్టాను. నువ్వు వచ్చి తీసుకెళ్ళు. అన్నంలో ఎండుమిరపకాయ తొడిమ వస్తే ఆయనకి కోపం రాదు, కానీ ఆ పూట ఇక తినరు. చూసుకో.

వదిన


మార్చి 25

వదినకి,

బస్సు టికెట్ కొన్నాను. సంచీ కూడా సర్దాను. నీ ఉత్తరం మళ్ళీ చదివి సంచీలో బట్టలు తీసేశాను.

నువ్వు తప్పు చెప్పకపోవడమే తప్పు వదినా. మెరుపు పూర్తిగా పోయేదాకా ఆగకూడదు. అది వెంట్రుకంత సన్నబడుతుంది చూడు, అప్పుడే పోయింది అనాలి. నీ మాట అన్నయ్య చెవిలో పడి, అక్కడి నుంచి చేతికి చేరేలోపు ఇంకో తోపు పడిపోతుంది. మిగిలిన వెంట్రుక ఆ తోపులో పోతుంది. నువ్వు మెరుపంతా పోయాక చెబితే, ఆ తోపు పన్నుని తినేస్తుంది. అన్నయ్య చేయి ఎక్కడికీ పోలేదు. నువ్వు నిజం చెప్పావు, అంతే.

ఇది నాకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు పన్ను పొట్టిదైనప్పుడల్లా నాన్నతో మొహం వాచేలా చివాట్లు తిని, ఒకరోజు ఉక్రోషంతో ముందుగా అనేశాను. ఆ పన్ను సరిగ్గా కుదిరింది. ఆ తర్వాత అన్నీ అలాగే చెప్పాను. నాన్నకి తెలీదు. చేయి అంటే నాది, ఒక్క తోపు ఎక్కువ పడదు అని అందరికీ చెప్పుకునేవాడు. అదే నమ్మకంతో పోయాడు. అన్నయ్యకీ తెలీదు. మా ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇది ఒక్కటే ఆ ఇంట్లో నాది అని నేను అట్టిపెట్టుకున్నది. ఇప్పుడు నీకు ఇవ్వాల్సొచ్చింది, అదీ నీకు. అన్నయ్య చెవిన వేశావంటే మాత్రం నీకూ నాకూ మాటల్లేవు.

నేను వచ్చి ఆ పీట మీద కూర్చోవచ్చు. నేనున్నన్నాళ్ళూ అన్నయ్య పని చేస్తాడు, నేను వెళ్ళిన రోజు మళ్ళీ కుర్చీలో పడతాడు. ఒకసారి అలా వెళ్ళినందుకే దవడలు వంచుకున్నాడు. రోజూ ఆ ఇంట్లో ఉండే మనిషి కళ్ళు కావాలి అతనికి. అందుకే నేను రాను. ముందు గది మంచం మీద కుట్టాల్సిన బట్టలు పోసుకున్నాను.

నీతో సమాధానపడ్డానని అనుకోకు. గుమ్మంలో నిలబడ్డానన్నావు, పిలవకపోతే నువ్వే వచ్చి కూర్చోవాల్సింది.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 14

ఆడపడుచుకి,

జవాబు ఆలస్యమైందని నొచ్చుకోకు. నొచ్చుకున్నా ఫరవాలేదు.

నీ ఉత్తరం వచ్చేసరికి ఆయన బల్ల వైపు కూడా రావడం మానేశారు. బతిమాలితే వినే మనిషి కాదు. నేనే ఆకురాయి తీసుకుని, చివర్లు పట్టుకోకుండా, పాత రంపం మీద అడ్డదిడ్డంగా తోయడం మొదలుపెట్టాను. అది కీచుకీచుమంటుంటే పక్కింటావిడ కిటికీ తలుపులు దబాలున వేసుకుంది. నేను ఆపలేదు. చివరికి ఆయన తట్టుకోలేక వచ్చి "ఆ రంపం ఏం పాపం చేసిందే, ఇటివ్వు" అన్నారు. ఇచ్చి, వెళ్ళి పీట మీద కూర్చున్నాను.

నువ్వు చెప్పినట్టే చెప్పాను. మొదట నాలుక మొరాయించింది. కళ్ళ ముందు మెరుపు ఉండగానే పోయిందనడం అంత సులువు కాదు. అన్న తర్వాత తోపు పడేది, చూస్తే పోయి ఉండేది. రంపం చివరికి వచ్చేసరికి నాకు చెమట పట్టింది. ఆయన బొటనవేలు పళ్ళ మీద ఒకసారి నడిపి, మళ్ళీ వెనక్కి నడిపారు. "చేయి తిరిగొచ్చింది" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. మూసుకునే ఉంటాను, నీ కోసం కాదు.

మేస్త్రి రంపం సరిచేసి పంపాం. ఈసారి తిప్పి తేలేదు, తనతో పనిచేసేవాళ్ళవి కట్ట కట్టి తెచ్చాడు. ప్లాస్టిక్ పిడి రంపాలు లోపలి వరుసకి జరిపాను. నీ దగ్గరికి వస్తానన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. మడతపెట్టిన చొక్కాలు తీసి ఒక్కోటీ వేసుకుంటున్నారు.

నిన్న పని మధ్యలో "అచ్చం మా చెల్లి చెప్పినట్టే చెబుతున్నావే" అన్నారు. పొగిడాననుకున్నారు పాపం. నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాతి పన్ను దగ్గర కావాలనే ఏమీ చెప్పలేదు. ఆయన ఆకురాయి ఎత్తి పట్టుకుని నా కోసం ఆగారు. నేను చెప్పేదాకా కదల్లేదు.

నువ్వు చెడగొట్టిన వైసు విషయంలో నా కోపం అలాగే ఉంది. ఇప్పుడు దాని వల్ల కొత్త తగువు వచ్చిపడింది. దవడలు మళ్ళీ వంచుకుంటానంటున్నారు. "వంచితే నువ్వు పట్టుకోనక్కర్లేదు. మెరుపు సంగతి గోటితో తడిమి చూసుకుంటాను. ఎంతకాలం నీకీ శ్రమ" అంటున్నారు. మంచి మనసుతోనే అంటున్నారు, అదే నా ఖర్మ. పొద్దుటి నుంచి సుత్తి ఎక్కడుందని అడుగుతున్నారు. వెతికాను, కనిపించలేదని చెప్పాను.

ఈ ఉత్తరంతో పాటు పార్సెల్ వస్తుంది. దాచుకునే వస్తువుని గుడ్డ చుట్టి ఇస్తారన్నావుగా, చుట్టే పంపుతున్నాను. బరువుగా ఉంటుంది, కాలి మీద పడేసుకోకు. నీ దగ్గరే ఉంచు. ఆయన ఫోన్ చేసి అడిగినా నీకేం తెలీదు.

నీ వదిన